నిర్ణయం చేసేది బుద్ధా, మనసా?

పాలు పితికే ప్రతివారికీ తెలిసిన సంగతితోనే మొదలుపెడదాం. కొత్త మనిషి పితకడానికి కూర్చున్నా, పాకలోకి కుక్క దూరినా, ఎవరైనా కర్ర ఎత్తినా గేదె ఎగచేపుతుంది. పొదుగు నిండుగానే ఉంటుంది గాని పాలు చన్నుల్లోకి దిగవు. దీనికి పొగరెక్కిందని కొందరు కసురుకుంటారు. అది పొగరు కాదు, భయం. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ సంగతిని ప్రయోగం చేసి చూశారు. ఆవు వీపు మీద పిల్లిని కూర్చోబెట్టారు. కాగితపు సంచుల్లో గాలి ఊది టప్పున పగలగొట్టారు. ఆవు బెదిరింది, పాలు చేపలేదు. వినడానికి నవ్వులాటగా ఉన్నా, పాడి శాస్త్రంలో ఆ ప్రయోగానికి గొప్ప పేరుంది.

దూడ మూతి తగలగానే, లేదా గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి రుద్దగానే, మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. అది పొదుగును చేరి పాలగదులను నొక్కుతుంది, పాలు దిగుతాయి. పశువు భయపడినప్పుడు అడ్రినలిన్ అనే మరొక పదార్థం ఊరి ఆ పనికి అడ్డుపడుతుంది. ఆవు కంటే గేదె చేపడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది గనుక గేదె విషయంలో ఓర్పు మరింత అవసరం. (ఓర్పుకు బదులు సూదిమందు వాడేవారు అక్కడక్కడా ఉన్నారు. పశువైద్యుని సలహా లేకుండా ఆ పని ఎంతమాత్రం చేయరాదు.)

అంటే భయం, ఆప్యాయత అనేవి గాలిలో తేలే మాటలు కావన్నమాట. అవి రక్తంలోకి దిగి, శరీరం చేత పని చేయిస్తాయి, లేదా మాన్పిస్తాయి. పశువు విషయంలో ఈ మాట తేలికగా ఒప్పుకునే మనం, మనిషి దగ్గరకు వచ్చేసరికి వేరే విధంగా మాట్లాడతాం. మనసు చెప్పినట్టు చేస్తే మునిగిపోతాం, బుద్ధితో లెక్క చూసుకోవాలి అంటాం. మనసు, బుద్ధి రెండూ ఒకే కాడికి కట్టిన ఎడ్లు కావనీ, ఒకటి లాగితే రెండోది ఆగిపోవాలనీ మన నమ్మకం. చాలాకాలం శాస్త్రజ్ఞులు కూడా దాదాపు ఇలాగే అనుకున్నారు. గత నలభై, యాభై ఏళ్లలో జరిగిన పరిశోధన ఈ నమ్మకాన్ని సగం నిలిపి, సగం కూల్చింది. ఏ సగం నిలిచిందో, ఏ సగం కూలిందో సంఘ సభ్యులు తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే గేదెను కొనడం, అమ్మడం మొదలు పాలకేంద్రంలో యంత్రం చూపిన అంకెను నమ్మడం, నమ్మకపోవడం వరకు మనం రోజూ చేసే నిర్ణయాలన్నింటిలోనూ ఇది ఇమిడి ఉంది.

మనసు మూగబోతే ఏమవుతుంది?

1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రైలుదారి కోసం బండలు పేలుస్తున్నారు. ఫినియస్ గేజ్ అనే పాతికేళ్ల మేస్త్రీ రాతిలో తొలిచిన రంధ్రంలో మందు కూరుతుండగా అది అకస్మాత్తుగా పేలింది. చేతిలో ఉన్న మూడున్నర అడుగుల పొడవు, సుమారు ఆరు కిలోల బరువు గల ఇనుప గడ్డపార ఎడమ చెంపలోంచి దూరి, తల పైభాగాన బయటపడింది. మనిషి చావలేదు. కొద్దిసేపటికే లేచి మాట్లాడాడు, బండిలో కూర్చుని ఊళ్లోకి వచ్చాడు. హార్లో అనే వైద్యుడు అతనికి చికిత్స చేసి బతికించాడు. మాట, నడక, జ్ఞాపకం అన్నీ ఉన్నాయి. స్వభావం మాత్రం మారిపోయింది. నెమ్మదస్తుడని, పనిమంతుడని పేరున్నవాడు నోటి దురుసు, నిలకడలేనితనం అలవరచుకున్నాడు. వేసుకున్న ఏర్పాటును పూర్తి కాకముందే వదిలేసేవాడు. పాత యజమానులు పనిలోకి తీసుకోలేదు. ఆ తరువాత అతడు చిలీ దేశం వెళ్లి కొన్నేళ్లు గుర్రపు బండ్లు తోలాడు గనుక, కాలక్రమాన చాలావరకు కుదుటపడ్డాడని ఇప్పటి చరిత్రకారులు కొందరంటారు. 1860లో చనిపోయాడు. గడ్డపార దెబ్బతీసింది నుదుటి వెనుకనున్న మెదడు భాగాన్ని.

గేజ్ కథ వైద్యులు చెప్పుకునే వింతగా మిగిలిపోకుండా చేసింది ఆంటోనియో డమాసియో అనే నరాల వైద్యుడు. ఈయన అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. ఆయన దగ్గరకు ఒక రోగి వచ్చాడు. అసలు పేరు దాచి ఎలియట్ అని రాశారు. మంచి ఉద్యోగం, కుటుంబం ఉన్నవాడు. మెదడులో నుదుటి వెనుక గడ్డ పెరిగితే శస్త్రచికిత్స చేసి తీసివేశారు, దానితోపాటు చుట్టూ చెడిపోయిన భాగం కొంత పోయింది. తరువాత అతనికి తెలివితేటల పరీక్షలు పెడితే అన్నింటిలోనూ నెగ్గాడు. లెక్కలు, జ్ఞాపకం, మాట, లోకజ్ఞానం దేనికీ లోటు లేదు. కాని జీవితం చెల్లాచెదురైంది. ఉద్యోగం పోయింది. వద్దన్నా వినకుండా వ్యాపారంలో డబ్బు పోగొట్టుకున్నాడు. సంసారం విచ్ఛిన్నమైంది. ఆఫీసులో కాగితాలు సర్దమంటే తేదీ ప్రకారం సర్దాలా, విషయం ప్రకారం సర్దాలా అని ఆలోచిస్తూ పూటంతా గడిపేవాడు. ఇంత జరిగినా అతనిలో బాధ లేదు. తన కష్టాన్ని ఎవరో పరాయివాని కథలాగా చెప్పేవాడు. అందరినీ కలచివేసే చిత్రాలు చూపినా అతని శరీరంలో చలనం లేదు.

ఇలాంటి దెబ్బే తగిలిన మరొక రోగిని, మళ్లీ ఎప్పుడు వస్తావు, ఈ రెండు తేదీల్లో ఏది వీలని డమాసియో అడిగాడట. అతడు డైరీ తీసి, ఆ రోజైతే ఇదిగో ఈ పని, ఈ రోజైతే వాతావరణం ఇలా ఉండవచ్చు అంటూ దాదాపు అరగంట సేపు లాభనష్టాలు ఏకరువు పెట్టాడు. తేల్చలేదు. చివరికి వైద్యుడే రెండో తేదీన రమ్మంటే, సరేనని వెంటనే లేచి వెళ్లిపోయాడు. విచిత్రమేమంటే అదే మనిషి ఆ రోజు ఉదయం మంచు గడ్డకట్టిన రోడ్డు మీద, ముందు బండ్లు జారుతున్నా, కంగారు పడకుండా చక్కగా కారు నడుపుకుంటూ వచ్చాడు. భయం లేకపోవడం అక్కడ మేలు చేసింది, ఇక్కడ కీడు చేసింది.

1994లో ఈ సంగతులన్నీ కూర్చి డమాసియో ఒక పుస్తకం రాశాడు. ఆయన వాదం ఇది: ఎదుట పది దారులున్నప్పుడు అన్నింటి లెక్కా చివరిదాకా వేయడం ఎవరి తరమూ కాదు. గతంలో చేదు అనుభవం ఇచ్చిన దారి ఎదురైతే గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, కడుపులో తిప్పినట్టవుతుంది. ఆ చిన్న గుర్తు అటు వద్దని చెప్పి, పది దారులను రెండుకో మూడుకో తగ్గిస్తుంది. మిగిలిన వాటి మీద బుద్ధి లెక్క వేస్తుంది. మనసు మూగబోయినవానికి పది దారులూ ఒకే రంగులో కనిపిస్తాయి. ఇక దేన్ని ఎంచుకుంటాడు?

దీన్ని పరీక్షించడానికి డమాసియో, బెచారా మొదలైనవారు పేకాట వంటి ఒక ఆట తయారు చేశారు. నాలుగు కట్టలు. మొదటి రెండు కట్టల్లో ముక్క తీసిన ప్రతిసారీ 100 డాలర్లు వస్తాయి, కాని మధ్యమధ్య పెద్ద జరిమానాలు పడతాయి. పది ముక్కలకు వచ్చేది 1,000, పోయేది 1,250. తక్కిన రెండు కట్టల్లో ముక్కకు 50 డాలర్లే, జరిమానాలు చిన్నవి. పది ముక్కలకు వచ్చేది 500, పోయేది 250. ఈ లెక్క ఆడేవారికి ముందుగా చెప్పరు. ఆరోగ్యవంతులు మొదట పెద్ద కట్టల వైపు మొగ్గినా, కొంతసేపటికి చిన్న కట్టలకు మారారు. మారడానికి ముందే, చెడ్డ కట్ట వైపు చెయ్యి చాచేటప్పుడు వారి అరచేతుల్లో సన్నని చెమట పట్టడం యంత్రం పసిగట్టింది. నుదుటి మెదడు దెబ్బతిన్నవారికి ఆ చెమట పట్టలేదు, వారు చెడ్డ కట్టలనే పట్టుకుని వేలాడారు. చెమట ముందా, తెలియడం ముందా అనే విషయంలో తరువాతి పరిశోధకులు కొందరు అభ్యంతరం చెప్పారు. ఆటగాళ్లకు అనుకున్నదాని కంటే ముందుగానే లెక్క కొంత తెలిసిపోతోందని 2004లో ఒక పరిశీలన చూపింది. ఆ తగవు ఇంకా నడుస్తూనే ఉంది. అయినా మనసు తోడు లేకుండా బుద్ధి ఒక్కటే సంసారం నడపలేదన్న మాట మాత్రం నిలిచింది.

ఆ పెద్ద కట్టలను చూస్తే సంతలో పూటకు పది లీటర్లంటూ దళారి చూపించే గేదె గుర్తుకు రావడం సహజం. రెండు పూటలు దగ్గరుండి పితికించి చూడకుండా బయానా ఇవ్వబోయేటప్పుడు చెయ్యి వెనుకాడితే, ఆ వెనుకాటుకు విలువ ఇవ్వండి.

మనసు తప్పుదారి పట్టించే చోటు

ఇక నిలిచిన సగం సంగతి. మనసు దారి చూపుతుంది నిజమే, కాని దాని తూకపు రాళ్లు సరిసమానం కావు. డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లో ఈ విషయాన్ని లెక్క కట్టి చూపారు. వంద రూపాయలు పోయినప్పటి బాధ, వంద రూపాయలు వచ్చినప్పటి సంతోషం కంటే సుమారు రెట్టింపు. కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ట్వెర్‌స్కీ అప్పటికే, 1996లో, చనిపోయాడు.

కానెమన్, మరి ఇద్దరు కలిసి 1990లో ప్రకటించిన ప్రయోగం ఇంకా సులువైనది. కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఊరికే ఇచ్చారు. ఎంతకు అమ్ముతారని వారిని అడిగారు. కప్పు లేనివారిని ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవారు చెప్పిన ధర, కొనేవారు చెప్పిన ధరకు రెట్టింపు పైనే ఉంది. కప్పు చేతికి వచ్చి ఎంతోసేపు కాలేదు! అలాంటప్పుడు ఇంట పుట్టి, చేతి మీద పెరిగిన పడ్డ విషయంలో మనకు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. సంతలో బేరం తెగక సాయంత్రం గేదెను తిరిగి తోలుకువచ్చే చాలామంది, కొనేవాడు మోసగాడనే అనుకుంటారు. ఇద్దరి కళ్లూ వేరుగా చూస్తున్నాయన్న మాట తోచదు.

పోయినదాన్ని రాబట్టుకోవాలనే పట్టుదల కూడా ఇలాంటిదే. ఒక ఇంట్లో గేదె వట్టిపోయింది, ఎన్నిసార్లు కట్టించినా చూడి నిలవడం లేదు. మేతకు, దాణాకు రోజుకు 150 రూపాయలు అనుకుందాం. నాలుగు నెలలకు 18,000 అయింది. ఇంత పెట్టాక ఇప్పుడు అమ్ముతామా అంటాడు ఇంటాయన. ఆ 18,000 అమ్మినా రాదు, ఉంచుకున్నా రాదు. చూడవలసింది ఈ రోజు నుంచి ముందుకు ఎంత ఖర్చు, గేదె చూడి కట్టే అవకాశం ఎంత అన్నది మాత్రమే.

అయితే ఇక్కడొక ముఖ్య విషయం ఉంది. ఆ ఇంట్లో ఇల్లాలు అమ్మవద్దని పట్టుబడితే, అది కేవలం మమకారమని కొట్టివేయకూడదు. గేదెలకు, అందులోనూ ఎండాకాలంలో, మూగ ఎద వస్తుంది. అరుపు ఉండదు, తీగలు సరిగా కనిపించవు, రాత్రి పొద్దుపోయాకో తెల్లవారుజామునో వచ్చి పోతుంది. పగలు పొలంలో ఉండే మగవారికి అది తెలియదు. వేళ తప్పి కట్టిస్తే చూడి ఎలా నిలుస్తుంది? రోజూ కడిగి, పితికి, మేపే మనిషికి, ఎందుకో చెప్పలేకపోయినా, గేదెలో మార్పు తెలుస్తుంది. ఎందుకని ఆమెను నిదానంగా అడిగితే, నాలుగు రోజుల క్రితం మేత సరిగా తినలేదు, పాలు కాస్త తగ్గాయి అని చెప్పవచ్చు. మనసులోని మాటను ప్రశ్న వేసి బయటకు లాగితే అది సమాచారంగా మారుతుంది. పశువైద్యునికి చెప్పవలసిన సమాచారం అదే.

మాట చెప్పే తీరు వల్ల కూడా మనసు మారుతుంది. 1981లో ట్వెర్‌స్కీ, కానెమన్ ఒక ప్రశ్న వేశారు. ఒక జబ్బుతో 600 మంది చనిపోయే ప్రమాదం ఉంది. మొదటి పద్ధతిలో 200 మంది తప్పక బతుకుతారు. రెండో పద్ధతిలో అందరూ బతికే అవకాశం మూడింట ఒక వంతు, ఒక్కరూ బతకని అవకాశం రెండు వంతులు. నూటికి 72 మంది మొదటిదాన్ని ఎంచుకున్నారు. ఇదే ప్రశ్నను మరికొందరికి, 400 మంది తప్పక చనిపోతారు అని మార్చి వేస్తే, దాన్ని ఎంచుకున్నవారు 22 మందే. లెక్క ఒక్కటే, మాటే మారింది. గాలికుంటు టీకా గురించి, పశువుల బీమా గురించి సమావేశంలో చెప్పే కార్యదర్శులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వినే సభ్యులు మరింత గుర్తుంచుకోవాలి.

కోపం వృథా పోని సందర్భం

కోపంతో చేసిన నిర్ణయాలన్నీ చెడ్డవనుకుంటే సహకార ఉద్యమమే ఉండేది కాదు. 1945లో బొంబాయి నగరానికి పాల సరఫరా పథకం మొదలైంది. గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాలు సేకరించే హక్కు పోల్సన్ కంపెనీకి దక్కింది. రైతుకు దక్కే ధర మాత్రం దళారుల దయ. రైతులు సర్దార్ పటేల్‌ను ఆశ్రయించారు. ఆయన సలహా మీద 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయ్ సమక్షాన సమావేశం జరిగింది. పాలు పోయడం మానేశారు. పదిహేను రోజుల పాటు పాలు పారబోశారే గాని పోల్సన్‌కు ఒక్క చుక్క ఇవ్వలేదు. ప్రభుత్వం దిగివచ్చింది. త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన, 1946 డిసెంబరు 14న జిల్లా సంఘం రిజిస్టరు అయింది. 1949లో వర్గీస్ కురియన్ ఆనంద్ చేరాడు. 1970లో మొదలైన పాల వెల్లువకూ, 1981లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన సమాఖ్యకూ మాతృక ఆ ఆనంద్ పద్ధతే.

లెక్క మాత్రమే చూసుకునేవాడు పాలు పారబోయడు. తక్కువ ధరైనా, సున్నా కంటే ఎక్కువే కదా. మరి అంతమంది ఎందుకు పారబోశారు? 1982లో జర్మనీలో వెర్నర్ గ్యూత్, ఆయన సహచరులు చేసిన ప్రయోగంలో దీనికి జవాబు ఉంది. ఇద్దరు వ్యక్తులు, మధ్యలో కొంత సొమ్ము. ఒకరు పంపకం చెప్పాలి, రెండోవారు ఒప్పుకుంటే ఇద్దరికీ వస్తుంది, కాదంటే ఇద్దరికీ ఏమీ రాదు. లెక్క ప్రకారం నూటికి ఒక్క రూపాయి ఇచ్చినా పుచ్చుకోవాలి. మనుషులు అలా చేయలేదు. ఆ తరువాత ఎన్నో చోట్ల ఇదే ఆట ఆడించి చూశారు. నూటికి ఇరవై లోపు ఇస్తామంటే చాలామంది, నీ సొమ్మూ వద్దు, నీకూ దక్కవద్దు అన్నారు. అన్యాయానికి లొంగరని తెలిసినవారితో రెండోసారి ఎవరైనా న్యాయంగానే బేరమాడతారు. ఖేడా రైతుల కోపం చేసిన పని అదే. కోపం పదిహేను రోజులే పని చేసింది, ఆ తరువాత ఏళ్ల తరబడి నిలబెట్టింది మాత్రం పూటపూటా కొలిచి, పరీక్షించి, డబ్బు చెల్లించిన లెక్కల పుస్తకం.

యంత్రం చెబితే ఎందుకు ఊరుకుంటాం?

పై ఆటనే 2003లో సాన్‌ఫీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు మెదడును చిత్రించే యంత్రంలో పడుకోబెట్టి ఆడించారు. అన్యాయమైన వాటా చెప్పినప్పుడు, కుళ్లిన వాసనకు ముఖం తిప్పుకునేటప్పుడు పనిచేసే మెదడు భాగమే చురుకైంది. మనకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. అదే తక్కువ వాటాను మనిషి చెబితే తిరస్కరించినవారు, కంప్యూటరు చెప్పిందంటే ఎక్కువసార్లు ఒప్పుకున్నారు. యంత్రానికి దురుద్దేశం ఉండదు కదా అనే నమ్మకం కోపాన్ని చల్లార్చింది.

ఇప్పుడు పాలకేంద్రం గడప దగ్గర నిలబడి ఆలోచించండి. పూర్వం పాలు కొనేవాడు వేలు ముంచి చూసి, నీళ్లున్నాయి అనేవాడు. తగవు మనిషికీ మనిషికీ మధ్య. ఆపైన స్విట్జర్లాండు దేశస్థుడు నిక్లాస్ గెర్బర్ కనిపెట్టిన పద్ధతి వచ్చింది. గాజు గొట్టంలో గంధకామ్లం, పాలు, అమైల్ ఆల్కహాలు పోసి గిర్రున తిప్పితే వెన్న పైకి తేలి, గొట్టం మీది గీతల్లో శాతం కనబడుతుంది. తరువాత మిల్క్ టెస్టర్లు, నేడు క్షణాల్లో వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. రెండూ చూపి చీటీ ఇచ్చే యంత్రాలు వచ్చాయి. వీటి వల్ల తగవులు తగ్గాయి. కాని తగవు తగ్గడం వేరు, కొలత సరిగా ఉండడం వేరు. అంకె యంత్రం నుంచి వచ్చిందంటే మనం తక్కువ ప్రశ్నలు వేస్తాం గనుక, ఆ యంత్రాన్ని సరిచూడవలసిన బాధ్యత పాలకవర్గం మీద రెట్టింపవుతుంది. వారానికొకసారైనా కొన్ని శాంపిళ్లను గెర్బర్ పద్ధతిలో, సభ్యుల ఎదుట, పోల్చి చూసి ఫలితాన్ని నోటీసు బోర్డు మీద రాయడం మంచి పద్ధతి.

దీనికి పూర్తిగా ఎదురు సంగతి కూడా ఉంది. 2015లో అమెరికాలో డీట్‌వోర్స్ట్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన ప్రకారం, యంత్రం లేక సూత్రం ఒకసారి తప్పు చెప్పడం కళ్లారా చూసినవారు దాన్ని పూర్తిగా వదిలేస్తారు. మనిషి అంతకంటే ఎక్కువ తప్పులు చేస్తున్నా మనిషినే ఎంచుకుంటారు. మనిషి పొరపాటును క్షమిస్తాం, యంత్రం పొరపాటును క్షమించం. యంత్రం చెప్పిన అంకెను కొద్దిగా సవరించే వీలు తమకు ఇస్తే మాత్రం వారే దాన్ని వాడుకోవడానికి ఒప్పుకున్నారని తరువాతి ప్రయోగాల్లో తేలింది. సంఘాల్లో అంకెను సవరించే వీలు ఎవరికీ ఇవ్వలేం. కాని రెండోసారి పరీక్ష అడిగే హక్కు సభ్యునికి ఉంటే, ఆ హక్కును వాడుకోకపోయినా, మనసు కుదుటపడుతుంది.

వెన్న తగ్గినప్పుడు కోపం రావడం సహజమే. టెస్టరు మీద విరుచుకుపడే ముందు మూడు సంగతులు చూడండి. మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. చివరి పాలు దూడకు వదిలితే కేంద్రానికి వచ్చేది పలుచని పాలు. క్యాను కలపకుండా పైనుంచి శాంపిలు తీస్తే శాతం ఎక్కువ, అడుగునుంచి తీస్తే తక్కువ చూపుతుంది. మేత మారినా, ఎండు గడ్డి తగ్గినా వెన్న పడిపోతుంది. ఈ మూడూ కాకపోతే అప్పుడు అడగండి, గట్టిగానే అడగండి. చీటీ చూసి నోరు మెదపకుండా వెళ్లిపోయి, ఇంటికి వెళ్లాక యంత్రాన్ని తిట్టుకునేవారి వల్ల, వారికీ సంఘానికీ మేలు లేదు. కేంద్రానికి పాలు తెచ్చే ఆడవారిలో ఈ మొహమాటం ఎక్కువ. అడిగితే ఏమనుకుంటారోనన్న బెరుకు నెలకు ఎన్ని రూపాయలు మింగుతుందో పాసుపుస్తకం చూసుకుంటే తెలుస్తుంది.

హాలెండులో 1992 నుంచి పాలు పితికే రోబోలు వాడుకలోకి వచ్చాయి. అక్కడ ఆవును ఎవరూ తోలుకురారు, దానికి ఇష్టమైనప్పుడు అదే వస్తుంది. రావడానికి కారణం లోపల పెట్టే దాణా రుచి. కోట్లు పెట్టి చేసిన యంత్రం కూడా ఆవు మనసును బతిమాలుకోవలసిందే!

మన మనసును చదివే యంత్రాలు

1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు ఎలైజా అనే కంప్యూటరు ఏర్పాటును ప్రకటించాడు. మనం టైపు చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి ఏమీ తెలియదు. మా అమ్మ మీద కోపంగా ఉంది అంటే, మీ ఇంట్లోవారి గురించి ఇంకా చెప్పండి అంటుంది. అది తయారవుతున్నంత కాలం దగ్గరుండి చూసిన ఆయన కార్యదర్శే, దానితో మాట్లాడుతూ, మీరు కాసేపు బయటకు వెళ్లండి అని ఆయనను కోరింది. ఆయన నివ్వెరపోయి, తరువాతి కాలమంతా ఈ ప్రమాదం గురించి హెచ్చరిస్తూనే ఉన్నాడు. నేడు ఫోనులో తెలుగులోనే సమాధానం చెప్పే యంత్రాలు వచ్చాయి. పశువు జబ్బు లక్షణాలు చెబితే ఓదార్పుగా మాట్లాడతాయి. ఆ ఓదార్పు మాటల వరకే. దూడ చనిపోతే దానికి ఏమీ కాదు. సలహా వినండి, కాని పశువును ముట్టుకుని చూసే పశువైద్యుణ్ణి పిలవడం మానకండి.

రోజలిండ్ పికార్డ్ అనే శాస్త్రవేత్త మనిషి భావాలను గుర్తించే యంత్రాల గురించి 1997లో పుస్తకం రాసింది. ముఖం, గొంతు చూసి మనిషి సంతోషాన్ని, కోపాన్ని కొలుస్తామనే యంత్రాలు ఇప్పుడు అంగట్లో దొరుకుతున్నాయి. ముఖం చూసి మనసు చెప్పడం అంత నమ్మదగినది కాదని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టం, పనిచేసే చోట్ల, విద్యాలయాల్లో ఇలాంటి యంత్రాల వాడకాన్ని, వైద్యం, భద్రత కోసం తప్ప, నిషేధించింది. 2025 ఫిబ్రవరి నుంచి ఆ నిషేధం అమలులో ఉంది.

మన మనసును ఉపయోగించుకోవడానికి ఇంత పెద్ద యంత్రం కూడా అక్కరలేదు, ఫోను చాలు. పాలబిల్లు బ్యాంకు ఖాతాలో పడుతున్న ఈ రోజుల్లో సభ్యులకు వచ్చే దొంగ ఫోన్లు గమనించండి. కొన్ని ఆశ చూపుతాయి: లాటరీ, సబ్సిడీ, ఇంటి వద్దకే వచ్చే ముర్రా గేదె. కొన్ని భయం చూపుతాయి: మీ పేరు మీద కేసు ఉంది, మిమ్మల్ని ఫోనులోనే అరెస్టు చేస్తున్నాం, ఎవరికీ చెప్పవద్దు. అన్నింటిలోనూ ఉండేది తొందర. పది నిమిషాల్లో డబ్బు కట్టాలి అంటారు. ఎందుకంటే భయం తారస్థాయిలో ఉండేది ఆ కాసేపే, గంట గడిస్తే బుద్ధి తిరిగి వస్తుందని వారికి తెలుసు. గేదె బెదిరినప్పుడు పాలు దిగనట్టే, మనిషి బెదిరినప్పుడు ఆలోచన దిగదు. తేడా ఏమంటే, మనిషి డబ్బు మాత్రం దిగుతుంది.

ఫోనులో అరెస్టు చేసే పద్ధతి మన చట్టంలో లేదు. బ్యాంకువారు గాని, పోలీసులు గాని, మన సంఘం వారు గాని ఓటీపీ అడగరు. ఎవరికీ చెప్పవద్దని అవతలివాడు అన్నాడంటే, అదే ఇంట్లోవారిని పిలిచి చెప్పవలసిన సమయం. ఫోను పెట్టేసి, పాకలోకి వెళ్లి పశువుకు ఇంత మేత వేసి రండి. డబ్బు అప్పటికే పోయి ఉంటే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి, బ్యాంకుకు తెలియజేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోను చేయడం చేతకానివారు ఉంటే, పాలకేంద్రంలో ఉదయం, సాయంత్రం ఉండే కార్యదర్శి వారికి సాయపడగలరు. 1930 అనే అంకెను పాల ధరల పట్టిక పక్కనే పెద్ద అక్షరాలతో రాయించవలసిందిగా సంఘాల అధ్యక్షులను కోరుతున్నాం.